నాందేడ్ నుంచి కొల్హాపూర్‌కు తొంభై నిమిషాలు

"దూరం ఎంతో మాకు తెలియదు. ఎంతసేపు పడుతుందో తెలియదు. అయినా నాందేడ్ నుంచి కొల్హాపూర్‌కు విమానం నడిపి తీరుతాం. ఎంత దూరమైనా, ఎంతసేపు పట్టినా మా ప్రభుత్వం వెనుకాడదు!"

పందొమ్మిది వందల అరవై తొమ్మిది మాఘమాసంలో, నాందేడ్ మోంఢా మైదానంలో, ఉపమంత్రి మారోతిరావుగారు ఈ చారిత్రక ప్రకటన చేశారు. జనం చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టారు. తెలియనిది తెలుసని చెప్పే నాయకుల్ని నాందేడ్ చాలామందిని చూసింది. తెలియదని ఇంత గొంతు పెట్టి చెప్పిన మహానుభావుణ్ని చూడటం అదే మొదలు.

కొల్హాపూరే ఎందుకని ఎవరూ అడగలేదు. విమానం దిగడానికి చదును చేసిన జాగా నాందేడ్‌లో ఉంది, కొల్హాపూర్‌లోనూ ఉంది. మంత్రిగారి వియ్యంకుడు కొల్హాపూర్‌లో ఉన్నాడు. రైల్లో పోవాలంటే మన్మాడులో దిగి ఎక్కాలి, పుణేలో దిగి ఎక్కాలి, మిరజ్‌లో దిగి ఎక్కాలి. వియ్యంకుడి ఇంటికి అంతగా దిగి ఎక్కితే మగపెళ్లివారి మర్యాద ఏం కావాలి?

మైదానంలో అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు రామదాసు. ఆయనకు పాత బస్టాండు ఎదురుగా హోటలుంది. రెండేళ్ల కిందట బస్టాండు లేచి ఊరి ఆ చివరకు పోయింది. హోటలుకు కాళ్లు లేవు గనక ఇక్కడే ఉండిపోయింది. పొద్దున వేసిన భజీలు సాయంత్రం దాకా ఆయన ముఖమే చూస్తూ కూర్చునేవి. ఉగాదిలోపు బేరం దారికి రాకపోతే హోటలు మూసి ఉమ్రి పోవాలి. ఉమ్రిలో తమ్ముడికి కిరాణా దుకాణం ఉంది. అక్కడ తమ్ముడు గల్లా ముందు కూర్చుంటాడు, రామదాసు తక్కెడ పట్టుకుని నిలబడాలి. "అన్నా, గా బాయికి పావుకిలో పుట్నాలు జోకు" అని తమ్ముడు పదిమందిలో కేక వేయడం తలుచుకుంటేనే ఆయనకు అన్నం దిగేది కాదు.

అలాంటివాడికి విమానంలో నాష్తా పెడతారని తెలిసింది. చప్పట్లు కొట్టక ఏం చేస్తాడు?

విమాన కంపెనీ రూలు చాలా స్పష్టం. ప్రయాణం తొంభై నిమిషాలకు తక్కువైతే మనిషికి రెండు పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోను ఇంత దూది. తొంభై నిమిషాలకు ఎక్కువైతే కమ్మటి నాష్తా. ఏది ఎక్కించినా బయల్దేరే ఊళ్లోనే ఎక్కించాలి. నాష్తా అయితే రామదాసు అర్జీ పెట్టాడు. పిప్పరమెంట్లూ దూదీ అయితే నందకిషోర్ పెట్టాడు. నందకిషోర్ దుకాణంలో ముందర పిప్పరమెంట్ల సీసాలు, వెనక దూది బస్తాలు. ఆయన రామదాసుకు స్వయానా బావమరిది. అందువల్ల ఇద్దరి మధ్యా పోటీ చాలా ప్రేమగా జరిగింది.

ఇద్దరూ కలిసే సర్కారీ కచేరీకి పోయారు. అక్కడ నక్షాలు చూసే గుమాస్తా సీతారాం. దూరమెంతో, సమయమెంతో తేల్చి ఫైలు మీద రాయాల్సినవాడు ఆయనే.

"సీతారాం సాబ్, ఎంతసేపు పడ్తదట?" అన్నాడు రామదాసు.

"దూరం తెలిస్తె గద సేఠ్, టైమ్ తెలిసేది. నక్షా మీదనే ఉన్న."

గోడకున్న నక్షా నిజాం జమానాది. ఉస్మానాబాద్ జిల్లా అంచున నిజాం రాజ్యం అయిపోయేది, దాంతోపాటే నక్షా కూడా అయిపోయేది. ఆపైన వట్టి సున్నం గోడ. రాజ్యం పోయి ఇరవయ్యేళ్లయింది, నాందేడ్ మరాఠీవాళ్లలో కలిసి పదమూడేళ్లయింది. కొత్త నక్షా కావాలని రాసిన కాగితం మాత్రం ఇంకా పై కచేరీల్లో ప్రయాణం చేస్తున్నది. ఆ లెక్కన కొల్హాపూర్ సీతారాం గారి కిటికీకి అవతల, బోరింగు దగ్గర ఎక్కడో ఉండాలి.

సీతారాం కష్టపడే మనిషి. తన బిడ్డ బడి అట్లాసులోంచి ఒక కాగితం చింపి, గోందు పెట్టి, నిజాం రాజ్యానికి అతికించాడు. పాత ముక్క మైళ్లలో ఉంది, కొత్త ముక్క కిలోమీటర్లలో ఉంది. రెంటి మీదుగా దారం పట్టి, దేని లెక్క దానికి కట్టి, కూడి, చెమట తుడుచుకున్నాడు.

"నాలుగు వందల ఇరవై రెండు కిలోమీటర్లు. గా డకోటా విమానం పోయే జోరుకు సరిగ్గ తొంభై నిమిషాలు."

"అంటె పిప్పరమెంట్లేనా?" అన్నాడు నందకిషోర్.

"తొంభైకి తక్కువైతె పిప్పరమెంట్లు."

"అయితె నాష్తానే!" అన్నాడు రామదాసు.

"తొంభైకి ఎక్కువైతె నాష్తా."

"మరి తొంభై అయితె ఏందయ్యా?"

"తొంభై అయితె ఏం లేదు. ఊకె కూసుండుడే."

బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రామదాసు నక్షా దగ్గరకు పోయి అతుకు మీద వేలు పెట్టాడు.

"సాబ్, గీడ జర ఎక్కువ ఒత్తిండ్రు. కాగితం ఇంత లోపటికి పోయింది. ఒక వేలెడు బయటికి గుంజుండ్రి, దూరం పెరుగుతది."

"బావ గట్లనే అంటడు సాబ్," అన్నాడు నందకిషోర్. "గోందు పచ్చిగ ఉన్నప్పుడే ఇంకొంచెం లోపటికి జరుపుండ్రి. దేశం దగ్గరైతె మంచిదే గద?"

ఒకరు గుంజమని, ఒకరు జరపమని అరగంట సేపు నిజాం రాజ్యం సరిహద్దుతో పెనుగులాడారు. చివరికి సీతారాం ఇద్దరినీ పక్కకు నెట్టి, ఫైలు చంకన పెట్టుకుని, డాక్ బంగళాలో దిగిన మంత్రిగారి దగ్గరకు నడిపించుకుపోయాడు.

మారోతిరావుగారిది తెలుగువాళ్లుండే బిలోలి వైపు. ఓట్లప్పుడూ భోజనాలప్పుడూ తెలుగులోనే మాట్లాడేవారు. ఇద్దరి గోడూ సాంతం విన్నారు. ఆయన గొప్పతనం అదే, ఎవరినీ వట్టి చేతులతో పంపరు.

"రామదాసూ, నందకిషోరూ, ఇద్దరూ నా మనుషులే. ఇద్దరికీ న్యాయం చేస్త. సీతారాం, రాసుకో. పోయేటప్పుడు ఎనభై అయిదు నిమిషాలు, పిప్పరమెంట్లు. అచ్చేటప్పుడు తొంభై అయిదు నిమిషాలు, నాష్తా."

సీతారాం కలం ఆగింది. "సాహెబ్, పోయినా అచ్చినా దూరం ఒక్కటే గద?"

"ఒక్కటే అని ఎవరన్నరు?"

"నక్షా, సాహెబ్."

"నక్షా ఎవరిది?"

"నిజాంది."

"ప్రజాస్వామ్యంల ఇంక నిజాం మాట నడుస్తదా సీతారాం?"

సీతారాం రాశాడు. నందకిషోర్ మంత్రిగారి కాళ్లకు మొక్కాడు. రామదాసు అంతకంటే కిందికి వంగి మొక్కాడు. దారిలో పావుకిలో దూద్ పేడాలు కొని, ఇంట్లో అడుగు పెడుతూనే పెళ్లాం యమునాబాయి నోట్లో ఒకటి పెట్టాడు.

"గెలిచినం! అచ్చేటప్పటి నాష్తా మనదే!"

యమునాబాయి పేడా నమిలి మింగింది. ఆవిడకు తొందరపడి సంతోషించే అలవాటు లేదు.

"అచ్చేటప్పటి నాష్తా ఏ ఊర్ల ఎక్కిస్తరు?"

"ఏ ఊర్ల ఏంది, బయలెల్లే ఊర్ల. కొల్హాపూర్ల..." అంటూనే రామదాసు పేడాల పొట్లం కింద పెట్టేశాడు.

"కొల్హాపూరోడు ఎక్కిస్తడు. మీరు ఈడ నిలబడి దిగేటోళ్ల మూతులు చూసుకుంట ఉండుండ్రి."

రామదాసు గోడకు చేరగిలబడ్డాడు. మగవాడు ఏడవకూడదంటారు గానీ ఏడుపు ఆ మాట వింటుందా? యమునాబాయి మొగుడి కళ్లు చూసి, ఇంక దెప్పకుండా, గోడకున్న పంచాంగం క్యాలెండర్ ముందుకు పోయి నిలబడింది.

"విమానం ఏనాడు?"

"పై శుక్రారం, పొద్దున తొమ్మిదికి."

"శుక్రారం పడమటికి వారసూల గదా! మంత్రి ఎట్ల పోతడు?"

"మంత్రులకు వారసూల ఉంటదా?"

"మంత్రి అని సూలకు తెలుస్తదా?" అన్నది యమునాబాయి. "బుధారం మంచిగున్నది. మంత్రిని ప్రస్థానం పెట్టుకోమనుండ్రి. మన హోటల్లనే పెట్టుమనుండ్రి."

ప్రస్థానమంటే నాందేడ్‌లో తెలుగువాళ్లకూ తెలుసు, మరాఠీవాళ్లకూ తెలుసు. పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, మంచి రోజు చూసి ముందుగా ఒక సంచి తీసుకుపోయి ఇంకొకరి ఇంట్లో పెడతారు. సంచి గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. మనిషి ఆ తర్వాత తీరిగ్గా ఎప్పుడైనా పోవచ్చు, దోషం లేదు.

రామదాసు వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. బుధవారం తొమ్మిది నుంచి శుక్రవారం తొమ్మిది దాకా రెండు దినాలు. ఆపైన తొంభై నిమిషాలు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా డాక్ బంగళాకు పరుగెత్తాడు.

మారోతిరావుగారు మూఢనమ్మకాలకు బద్ధశత్రువు. ప్రతి సభలోనూ వాటిని ఖండించేవారు, మంచి ముహూర్తం చూసుకుని మరీ ఖండించేవారు. శుక్రవారం వారశూల అని వినగానే ఆయన తాగబోతున్న చాయ్ పక్కన పెట్టేశారు.

"మంచి మాట జెప్పినవ్ రామదాసూ. బ్యాగు నీ తాననే పెడ్త. సీతారాం, ఫైలు తే."

సీతారాం తెచ్చాడు. "సాహెబ్, బుధారం నుంచి లెక్కేస్తె ప్రయాణం నలభై తొమ్మిదిన్నర గంటలైతది."

"రాయి."

"దూరం గదే, నాలుగు వందల ఇరవై రెండు. అంటె విమానం గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు పోతది సాహెబ్. సైకిల్ ఇంతకంటె జల్ది పోతది."

"సైకిల్ మీద నాష్తా పెడ్తరా?"

"పెట్టరు సాహెబ్."

"మరి?"

సీతారాం రాశాడు. ఆ సాయంత్రమే రామదాసు చేతికి ముద్ర వేసిన ఉత్తర్వు వచ్చింది: నాందేడ్ నుంచి కొల్హాపూర్ ప్రయాణం పొడుగునా ప్రయాణికులకు నాష్తా పెట్టే బాధ్యత రామదాసుది. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. యమునాబాయి దేవుడి దగ్గర పెట్టి పసుపు చల్లింది.

బుధవారం పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి మంత్రిగారి బ్యాగు బ్యాండు మేళంతో ఊరేగి హోటలుకు వచ్చింది. నల్ల తోలు బ్యాగు. దానికి బంతిపూల దండ వేశారు. మంత్రిగారు దాన్ని బల్ల మీద పెట్టి, రిబ్బను కత్తిరించి, నాందేడ్ ఆకాశ చరిత్రలో ఇది సువర్ణ దినమని ప్రసంగించి, అంబాసిడర్ ఎక్కి, చెరుకు రైతుల సభకు పోయారు. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది: "నాందేడ్-కొల్హాపూర్ విమాన సర్వీసు ప్రారంభం." ఫొటోలో బ్యాగు చాలా గంభీరంగా ఉంది.

రామదాసు రెండు రోజులూ కునుకు తీయలేదు. డకోటాలో ఇరవై ఎనిమిది సీట్లు. ఇరవై ఎనిమిది మందికి సరిపడా శనగపిండి, రవ్వ, నూనె తెచ్చాడు. శుక్రవారం కోడి కూయకముందే భజీలు, ఉప్మా, మరమరాలతో సుశీల చేసి డబ్బాల్లో సర్దాడు. ఎనిమిదింటికి సీతారాం టెలిగ్రాం పట్టుకుని వచ్చాడు. విమానం ఇప్పట్లో దొరకదని కంపెనీవాళ్లు కొట్టిన టెలిగ్రాం.

"అయిపాయె," అని రామదాసు డబ్బాల మధ్య కూలబడ్డాడు.

"ఏం అయిపాయె సేఠ్?" అన్నాడు సీతారాం. "సాహెబ్‌కు ఫోన్ చేసిన. విమానం రాకపోతె ఏంది, సర్వీసు చాలూ అయింది గద, ప్రయాణం నడుస్తనే ఉన్నది అన్నరు. ప్రస్థానం చెల్లినన్ని దినాలు ఫికర్ లేదట."

ఎన్ని దినాలు చెల్లుతుందని బ్రాహ్మణ్ని పిలిచి అడిగారు. మామూలు మనిషికి అయిదు, సామంతుడికి ఏడు, రాజుకు పది అన్నాడాయన. ఉపమంత్రి సామంతుడి కింద వస్తాడా, రాజు కింద వస్తాడా అని సందేహం వచ్చింది. క్యాబినెట్ మంత్రి అయితేనే రాజు లెక్క అని బ్రాహ్మడు పట్టుబట్టాడు. ఈ సంగతి తెలిసి మారోతిరావుగారు చాలా నొచ్చుకున్నారు. ప్రజాస్వామ్యంలో రాజులూ సామంతులూ లేరనీ, ప్రస్థానం తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా చెల్లుతుందనీ ఒక ఉత్తర్వు జారీ చేశారు.

ఆ ఉత్తర్వు మహిమ అంతా ఇంతా కాదు. మొదట ఇద్దరు పార్టీ కార్యకర్తలు వచ్చి, మంత్రిగారి బ్యాగు పక్కన తమ సంచులు పెట్టి కూర్చున్నారు.

"మేం గూడ కొల్హాపూర్‌కే సేఠ్. ప్రస్థానం పెట్టినం. నాష్తా తే."

ఉత్తర్వులో ప్రయాణికులకు నాష్తా పెట్టాలని ఉంది. రామదాసు పెట్టాడు. మర్నాటికి కుండల్‌వాడి నుంచి నలుగురు వచ్చారు, హిమాయత్‌నగర్ నుంచి ఒక సర్పంచి బావమరిదితో సహా వచ్చాడు. వారం తిరిగేసరికి ఇరవై ఎనిమిది సీట్లూ నిండాయి. ఇరవై తొమ్మిదోవాడు బస్సుకు వేసినట్టే కిటికీలోంచి రుమాలు విసిరి, ఖాళీగా ఉన్న బెంచీ మూల పట్టేశాడు. అది నా సీటని సర్పంచి వాడి కాలరు పట్టుకున్నాడు. ఇద్దరినీ విడదీసి రామదాసు ఇద్దరికీ ఉప్మా పెట్టాడు.

నందకిషోర్ కూడా వచ్చాడు. చిన్న సంచి బల్ల మీద పెట్టి, "బావా, నాకు కిటికీ పక్కకు జాగా జూడు" అన్నాడు.

"నువ్వు గూడానా బామ్మర్దీ?"

"దేశం మొత్తం పోతాంటె నేనొక్కన్ని కింద ఉంటనా?"

రెండో వారానికి శనగపిండి అయిపోయింది, మూడో వారానికి రవ్వ అయిపోయింది. యమునాబాయి ఇంట్లో తినే జొన్నలు విసిరి రొట్టెలు కాల్చి పెట్టింది. ప్రయాణికులు జొన్నరొట్టె చూసి, గాలిలో ఇంత మొరటు తిండి అరగదని మంత్రిగారికి అర్జీ రాశారు. హోటలు పుట్టినప్పటి నుంచీ అంత రద్దీ ఎన్నడూ లేదు. బల్లలన్నీ నిండే ఉంటాయి, గల్లా మాత్రం బోసిగా ఉంటుంది. బిల్లు పెడితే, ప్రయాణం పూర్తయ్యాకే పైసలన్నారు. రామదాసుకు ఒంటి మీద కండ కరిగిపోయింది.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. ఉమ్రి తక్కెడే నయం. తమ్ముడు జోకమంటే జోకుతాడు, కనీసం జోకినదానికి పైసలు తీసుకుంటారు. ప్రయాణికులు మధ్యాహ్నం నిద్రలో ఉండగా యమునాబాయి గిన్నెలు మూట కట్టింది. రామదాసు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. తాళంచెవి బల్ల మీద మంత్రిగారి బ్యాగు పక్కన పెట్టి, ఇద్దరూ గుమ్మం దగ్గరకు వచ్చారు.

గుమ్మంలో సీతారాం ఎదురయ్యాడు, చంకలో ఫైలుతో.

"ఏడికి సేఠ్?"

"ఉమ్రికి సాబ్. ఇంక నాతోని గాదు. గీ కాంట్రాక్టు మీరే పట్టుకపోండ్రి. ఒక్క దినం గూడ ఇంక పెట్టలేను." రామదాసు నెత్తి మీది ట్రంకు సర్దుకున్నాడు. "నాష్తా అమ్ముకోని బతుకుదామనుకున్న సాబ్. గింతే. వేరే ఏం అడగలే."

సీతారాం మంచివాడే. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. ఆ బాధతోనే ఆయన ఫైలు విప్పాడు.

"సేఠ్, ప్రయాణం పొడుగునా అని రాసి ఉన్నది గద. ప్రయాణం నడుస్తున్నది. విమానం గాలిల ఉండంగ నడుమల దిగుతమంటె ఎట్ల?"

"ఏ విమానం సాబ్?" అన్నాడు రామదాసు.

"గట్ల అనొద్దు సేఠ్. అసెంబ్లీల గూడ మాట అచ్చింది. నాందేడ్‌ల మనం బ్యాగు పెట్టినమని, కొల్హాపూరోళ్లు గూడ వాళ్ల ఊర్ల బ్యాగు పెట్టి, ఇటు దిక్కు సర్వీసు చాలూ చేసిండ్రు. రెండు విమానాలు ఒక్కటే దారిల ఎదురెదురుగ అస్తున్నయి, గుద్దుకుంటె జిమ్మేదారి ఎవరిదని ప్రతిపక్షమోళ్లు లేచి అడిగిండ్రు."

"సాహెబ్ ఏం జెప్పిండ్రు?"

సీతారాం కాగితం తీసి, నిలబడి, భక్తిగా చదివాడు. "సభ్యులు ఆందోళన పడనవసరం లేదు. ప్రస్తుతం రెండు విమానాల మధ్య దూరం నాలుగు వందల ఇరవై రెండు కిలోమీటర్లు."

లోపల నిద్ర లేచిన ప్రయాణికులు బల్లలు చరిచి చప్పట్లు కొట్టారు. సర్పంచి చాయ్ కావాలని కేక వేశాడు. రామదాసు నెత్తి మీది ట్రంకు మెల్లగా కిందికి దించాడు.

"అయితె సాబ్," అన్నాడు దాని మీద కూర్చుంటూ, "గిప్పుడు మనం ఏడ ఉన్నట్టు?"

సీతారాం వేలు తడి చేసుకుని ఫైలులో నాలుగు కాగితాలు తిప్పాడు.

"తుల్జాపూర్ మీద."

ఆ మాట చెవిన పడగానే యమునాబాయి గిన్నెల మూట చప్పున పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, చేతులు జోడించి, తుల్జాపూర్ గుడిలోని భవానీ తల్లికి నేల వైపు చూసి దండం పెట్టింది.